బొంగరం దగ్గర మొదలుపెడదాం

పల్నాటి కథ అనగానే అందరికీ కత్తి గుర్తొస్తుంది. మాకు బొంగరం గుర్తొస్తుంది.

పెద్దవాళ్లంతా కారెంపూడిలో యుద్ధానికి కూడుతున్నారు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి ఆ సంగతి తెలియదు, తెలియనివ్వలేదు. వాడు తోటివాళ్లతో వీధిలో బొంగరాలాడుతున్నాడు. విసిరిన బొంగరం గురితప్పి దారిన పోయే ఒకావిడ కాలికి తగిలింది. ఆవిడ ఊరుకోలేదు. అక్కడ మీ నాన్నా మీ వాళ్లూ చావుకు సిద్ధపడి కూర్చుంటే నువ్విక్కడ ఆటలాడుకుంటున్నావా అని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. ఆట అక్కడితో ఆగింది. పిల్లవాడు ఇంటికెళ్లి తల్లి ఐతాంబను నిలదీశాడు. ఆ తరవాత ఏమయిందో మీకు తెలుసు.

ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది ఈ వీధిని గబగబా దాటేస్తారు. యుద్ధభూమికి చేరాలన్న తొందర. మేం ఇక్కడ ఆగదలచుకున్నాం. పన్నెండేళ్ల పిల్ల పుస్తకం తెరిస్తే ఆమెకు నిలబడటానికి చోటున్నది ఈ వీధిలోనే. పెద్దవాళ్లు తన దగ్గర ఏదో దాస్తున్నారని ఆ పిల్లకూ తెలుసు. ఆడుకుంటూ ఆడుకుంటూ ఎవరికో దెబ్బ తగిలించి బిక్కచచ్చిపోవడమూ తెలుసు. కత్తి పట్టడం మాత్రం తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

మా ప్రణాళికకు ఆ వీధే మొదలు.

మాలో బడిలో తెలుగు చెప్పేవాళ్లున్నారు, కథలు రాసేవాళ్లున్నారు, బొమ్మలేసేవాళ్లు ఇద్దరున్నారు, ఊరి గ్రంథాలయం నడిపి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. సంఘానికి ఇంకా పేరు లేదు. పేరు మీద రెండు ఆదివారాలు పోట్లాడుకుని, ముందు ఏం చేస్తామో రాసుకుందాం, పేరు దానంతటదే వస్తుందిలే అని లేచాం. మేం తలపెట్టిన పని చిన్నది: పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లల కోసం తెలుగు వీరగాథల్ని నవలలుగా, పెద్దకథలుగా కొత్తగా రాయడం. పల్నాడు, కాటమరాజు, బొబ్బిలి, సర్వాయి పాపన్న. వీలైతే మరికొన్ని.

ఈ కథలు ఇప్పుడు లేవా అని అడుగుతారు. ఉన్నాయి, మూడు చోట్ల. ఒకటి పాఠ్యపుస్తకం. అక్కడ వీరుడు ఒకటిన్నర పేజీ మనిషి. శౌర్యానికి ఉదాహరణగా వచ్చి, కింద ఖాళీలు పూరింపజేసి వెళ్లిపోతాడు. రెండోది సినిమా. పల్నాటి కథలోని నాయకురాలు నాగమ్మ అంటే మా ఇళ్లలో ముసలివాళ్లకు 1947 నాటి కన్నాంబ కళ్ల ముందు నిలుస్తుంది, వాళ్లకన్నా చిన్నవాళ్లకు 1966 నాటి భానుమతి. వాళ్ల మనవలకు ఎవరూ గుర్తు రారు. మూడో చోటు ఫ్లెక్సీ. దీని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఒక్కో వీరుడికి ఒక్కో కులం కాపలా నిలబడింది. జయంతులు, బైకు ర్యాలీలు, కూడలిలో విగ్రహం. ఆ వీరుడి గురించి ఒక ప్రశ్న వేస్తే ఫోన్లు మొదలవుతాయి. ఇన్ని కాపలాల నడుమ కథలోకి వెళ్లడానికి పిల్లలకు సందు దొరకడం లేదు.

మా మొదటి మాట: తెలుగు పిల్లలకు చెప్పాల్సిన మన వీరులు చాలామంది ఓడిపోయారు. ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

1182 ప్రాంతంలో జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధంలో గురజాల బాగుపడలేదు, మాచర్ల బాగుపడలేదు. నాగులేటి ఒడ్డున రెండువైపుల బిడ్డలూ పోయారు. అంతా అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు కొద్ది రోజులకు మించి బతకలేదు, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలోకి చొరబడి పొడిచేశాడు. మేడారంలో కాకతీయులతో పోరులో జంపన్న వాగులో పడి చచ్చిపోయాడు, అతని తల్లి సమ్మక్క చిలుకలగుట్ట దారి పట్టి కనబడకుండా పోయింది. కాటమరాజుతో జరిగిన ఎర్రగడ్డపాటి పోరులో నెల్లూరు వైపు ఖడ్గతిక్కన పడిపోయాడు. 1708లో వరంగల్లును కొల్లగొట్టిన పాపన్న 1710 దాటి బతకలేదు. గెలిచిన రాజులు గెలుపుల్ని రాళ్ల మీద చెక్కించుకున్నారు. రాత్రుళ్లు కూర్చుని జనం పాడుకున్నవి మాత్రం ఇవి.

ఇక యుద్ధాలెందుకొచ్చాయో చూడండి. పల్నాట్లో పైకి కనబడే కారణం కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊళ్లు వదిలిపోవాలి. వదిలిపోయారు, గడువు తీరాక తిరిగొచ్చి మా భాగం మాకిమ్మన్నారు, రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారు. కాటమరాజు కథలో తగువు గడ్డి గురించి. కరువొచ్చింది, ఆవుల మందలు నెల్లూరు సీమకు దిగాయి. మేపుకు బదులుగా పుట్టిన కోడెదూడల్ని రాజుకిచ్చే ఒప్పందం. ఆ పుల్లరి దగ్గర చెడింది. మేడారంలో కరువు కాలపు కప్పం. కోడి, గడ్డి, కప్పం! ఇంత పెద్ద వీరగాథల పునాదిలో ఇంత చిన్న వస్తువులున్నాయంటే పిల్లలు నవ్వుతారు. నవ్వాక ఆలోచిస్తారు, ఎందుకంటే వాళ్ల క్లాసులో తగువులు కూడా ఇలాంటివాటి మీదే. గట్టు తగాదాలతో ఇరవయ్యేళ్లు కోర్టుల చుట్టూ తిరిగే తాతలూ వాళ్ల ఇళ్లలోనే ఉన్నారు. కోడిపందెం సంగతి మేం వివరించనక్కర్లేదు, సంక్రాంతికి ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరారాధన మొదలవుతుంది. ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. కథలోని ఘట్టాలే పండగ రోజులయ్యాయి. మందపోరు నాడు చాపకూడు, బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి పెట్టించాడన్న భోజనానికి గుర్తుగా. మాలో ఒకరు ఒక ఏడాది అక్కడికి వెళ్లినప్పుడు జనంలో ఒక కుర్రాడు తాతను పట్టుకుని, ‘చివరికి ఎవరు గెలిచారు తాతా?’ అని అడుగుతున్నాడట. తాత కాసేపు ఆలోచించి, ‘ముందు అన్నం తిందాం పద’ అన్నాడట. ఆ తాత తప్పించుకున్నాడని మాలో సగంమంది అంటారు. అంతకన్నా మంచి జవాబు లేదని తక్కిన సగం. మా పుస్తకాలు ఆ కుర్రాడి కోసం.

ఎలా చెప్పాలన్న దాని మీద మాకు పెద్దగా బెంగ లేదు. దారి బుర్రకథలో ఉంది.

నడుమ కథకుడు, భుజాన తంబూరా, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు వీరుణ్ణి మబ్బుల్లోకి ఎక్కిస్తుంటే హాస్యం చెప్పే వంత కాలు పట్టి కిందికి లాగుతాడు. అంత బరువు కత్తి మోసుకుని పొద్దుటి నుంచీ పరిగెత్తాడంటున్నావు, మరి అన్నమెప్పుడు తిన్నాడు? అంటాడు. రాజకీయం చెప్పేవాడు ఆనాటి పన్నును తెచ్చి ఈనాటి పన్ను పక్కన కూర్చోబెడతాడు. పొన్నెకల్లు షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెబుతుంటే జనం తెల్లవార్లూ కదలకుండా కూర్చున్నది కత్తి విసుర్ల కోసమే అయ్యుండదు. ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వమూ నైజామూ బుర్రకథను నిషేధించాయి. దానికి భయపడ్డవాళ్లు తంబూరాకు భయపడి ఉండరు, పక్కనున్న వంతకే భయపడి ఉంటారు.

విచిత్రం ఏమిటంటే, మామూలు మాటల్లో ‘వంత పాడటం’ అంటే భజన చేయడం అయిపోయింది. వేదిక మీద వంత ‘ఆగాగు, అదెట్టా?’ అని అడుగుతాడు. ఆ అడగడం లేకుండా వీరగాథ చెబితే అది భజనే అవుతుంది.

కాబట్టి మా ప్రతి పుస్తకంలో ఈ మూడు గొంతులూ ఉండాలి. పేజీ మీద తందానతాన అని రాయమని కాదు. కథ లోపల ఎక్కడో హాస్యం ఉండాలి, లెక్క అడిగేవాడు ఉండాలి. పల్నాటి నవలకు మేం అనుకున్న ఒక పాత్ర, పందెం కోళ్లకు మేత పెట్టే కుర్రాడు. వాడికి కోడి తెలుసు, దాని కాలి పట్టు తెలుసు, ఎవరు ఎవరితో చాటుగా మాట్లాడుకున్నారో తెలుసు. రాజ్యం పోతే వాడికేం పోతుందో అడుగుతాడు. కాటమరాజు కథలో ఆ పని చేసేది దూడల్ని లెక్కపెట్టే పిల్ల. కోడెదూడలు రాజుకు పోతాయని తెలిసినప్పటి నుంచి ఆవు ఈనబోతుంటే ఆ పిల్ల పెయ్యదూడ పుట్టాలని మొక్కుకుంటుంది. పన్ను అంటే ఏమిటో చెప్పడానికి మాకు ఇంతకన్నా మంచి మార్గం తోచలేదు.

ఇక్కడ మాకో హెచ్చరిక రాసుకుంటున్నాం. పాత కథను తలకిందులు చేస్తే కొత్త కథ అయిపోదు. నాగమ్మ వందల ఏళ్లుగా దుష్టురాలు, కనుక మనం ఆమెను మహనీయురాల్ని చేద్దాం అనుకోవడం సుళువు. మగవాళ్ల కొలువులో మంత్రాంగం నడిపిన ఆడది కాబట్టే ఆమెను అంతగా తిట్టారన్నది నిజం కావచ్చు. అలరాజుకు విషం పెట్టించింది ఆమే అని కథ చెబుతున్నదీ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండనివ్వాలి. అలాగే బ్రహ్మనాయుడు. మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాపతిని చేసినవాడు. కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డడానికి ఒప్పుకున్నవాడూ ఆయనే. పదమూడేళ్ల పిల్లలకు ఇది అర్థం కాదని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ పెద్దవాళ్లనే ఆ పిల్లలు ఇంట్లో రోజూ రెండు కళ్లతో చూస్తున్నారు మరి.

ఖడ్గతిక్కన సంగతి మా సమావేశాల్లో చాలా పొద్దు తినేసింది. సేన విరిగిపోయి ఆయన ఇంటికొస్తాడు. భార్య చానమ్మ మంచం చాటున స్నానానికి నీళ్లు, పసుపు పెట్టిస్తుంది, ఆడదానికి పెట్టినట్టు. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోస్తుంది. సేన విరిగింది, పాలూ విరిగాయి. ఆ ఒక్క క్రియాపదం మీద నిలబడ్డ ఎత్తిపొడుపు అది, మరో భాషలోకి తేవడం కష్టం. ఆయన మళ్లీ వెళ్లాడు, తిరిగి రాలేదు. మాలో ఒకామె, బడిలో పదిహేనేళ్లుగా చెబుతున్న మనిషి, ఇది గొప్ప సన్నివేశం, దీన్ని గొప్పగా చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు అంది. మగపిల్లవాడు ఏడిస్తే గాజులు తొడుక్కో అనే క్లాసులో ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించడం ఎలా? వదిలేద్దామని ఒకరన్నారు. ఆమే అడ్డుపడింది. వదిలేయకూడదు, ఆ పాలు పోసిన రాత్రి ప్రోలమ్మ నిద్రపోయిందా అన్నది రాయాలంది. ఆ అధ్యాయం ఇప్పుడామే రాస్తోంది.

బాలచంద్రుడి భార్య మాంచాల కూడా అంతే. పెళ్లయిన ఇన్నాళ్లకు గుమ్మంలోకొచ్చిన మొగుణ్ణి ఆ రాత్రే యుద్ధానికి సాగనంపిన ఇల్లాలుగా ఆమెను పొగడటం అలవాటైపోయింది. ఆమె వయసెంతో లెక్కేసుకుని మళ్లీ చదవండి.

చావు గురించి. పిల్లల పుస్తకంలో చావు ఉండవచ్చా అన్న ప్రశ్న ఈ కథల దగ్గర చెల్లదు. బాలచంద్రుడు తన బ్రాహ్మణ మిత్రుడు అనపోతును ఏదో వంక మీద వెనక్కి పంపేసి తాను యుద్ధానికి పోతాడు, స్నేహితుడు బతకాలని. మోసం తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. దీన్ని మెత్తబరిచి చెబితే అబద్ధమవుతుంది, త్యాగమని పొగిడితే ప్రమాదమవుతుంది. మేం రాయబోయేది ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుడికి నిజం చెప్పకపోవడం గురించి. చెప్పి ఉంటే ఏమయ్యేదో కథలోని మరో కుర్రాడి నోట అడిగిస్తాం.

బొబ్బిలి ఇంకా కష్టం. కోట పడిపోతుందని తెలిశాక లోపలున్న ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకున్నారు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బయటున్నాయి, ఇది మాత్రం లోపల జరిగింది. దీన్ని పన్నెండేళ్ల పిల్లకు ఎక్కడ నిలబడి చెప్పాలి? జవాబు రాబర్ట్ ఓర్మ్ రాసిన పాత ఆంగ్ల చరిత్రలో దొరికింది. అంతా ముగిశాక ఒక ముసలివాడు కోటలోంచి ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. బొబ్బిలి రాజు రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి ఎదురు నడిచి కాపాడానన్నాడు. అంతే. ఆ ముసలివాడి పేరు చరిత్రకు అక్కర్లేకపోయింది. రాజు మాట కాదన్నాడు, ఒక పసివాణ్ణి బతికించాడు. అన్నేళ్ల బొబ్బిలి కథల్లో మాకు అందరికన్నా ధైర్యవంతుడుగా కనబడ్డది ఆయనే. మా బొబ్బిలి నవల ఆయన భుజమ్మీది నుంచి నడుస్తుంది. పాపారాయుడు వస్తాడు, కానీ పక్కగా.

ఈ కథలు ఎవరివి? మావి కావు. పల్నాటి కథ వీరవిద్యావంతుల గొంతులో బతికింది. కాటమరాజును కొమ్ములవాళ్లు యాదవుల ముంగిళ్లలో పాడారు. పల్నాటి కథ మీద శ్రీనాథుడిదని చెప్పే ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేయడం గొప్ప పని. 1982లో జీన్ రోఘేర్ ఇంగ్లీషులో తెచ్చిన పల్నాటి గాథ అలిసెట్టి గాలెయ్య పాడిన పాట మీద నిలబడింది, ఆయన పేరు ఆ పుస్తకంలో ఉంది. మన భాషలో ఇలాంటి పుస్తకాలు చాలావాటిలో ‘ఒక జానపద గాయకుడు చెప్పగా’ అని ఉంటుంది. ఒక గాయకుడేమిటి? ఊరూ పేరూ లేనివాడా? మేం ఎవరి దగ్గర కథ విన్నామో వారి పేరు అట్ట మీద వేస్తాం, వారు వద్దంటే తప్ప. వచ్చే డబ్బులో వాటా ఇస్తాం. పిల్లల తెలుగు పుస్తకానికి వచ్చే డబ్బు ఎంతో తెలిసినవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. ఆ కొంచెంలోనే వాటా.

సమ్మక్క సారలమ్మల కథ మేం ఇప్పుడప్పుడే రాయం. రెండేళ్లకోసారి మాఘపున్నమికి మేడారం తరలివచ్చే జనానికి వాళ్లు పాత్రలు కారు, తల్లులు. గద్దె మీదికి వచ్చేది విగ్రహం కాదు, కుంకుమ భరిణె. దాన్ని మా చేతులతో నవలలోకి దించడం మాకు తప్పనిపించింది. ఆ కథ పిల్లలకు చెప్పాలనుకునే కోయ యువతీ యువకులుంటే రాయడానికీ అచ్చుకూ మేం చేతనైన సాయం చేస్తాం. వెనక నిలబడతాం.

కల్పనకు హద్దు ఎక్కడ? పాపన్న దగ్గర ఈ ప్రశ్న బాగా తగిలింది. మొగలుల కాలపు పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల్లో అతను దారిదోపిడీదారు. పాటలో అతను కల్లుగీత వదిలి గోలకొండ మీదికి చూపు నిలిపిన వీరుడు. ఆ పాటను 1874లో బాయిల్ అనే ఇంగ్లీషు ఆయన రాసి అచ్చువేయించాడు. ఒకటి నిజమని రెండోది కొట్టేయడం మా వల్ల కాదు. అందుకని ఆ నవల్లో ఇద్దరు చెబుతారు, ఒకరు కోట లోపల దస్తరాలు రాసే కుర్రాడు, ఒకరు ఖిలాషాపూర్ వైపు తాటివనంలోని పిల్ల. వాళ్లిద్దరి మాటలూ పొసగవు. పొసగనివ్వం. ప్రతి పుస్తకం చివర ఒక పేజీ మాత్రం ఉంచుతాం: ఇంతవరకు పాటలో ఉన్నది, ఇంతవరకు చరిత్రలో దొరికింది, తక్కినది మేం అల్లింది అని. కోళ్ల కుర్రాణ్ణి మేమే పుట్టించామని పిల్లలకు చెప్పడంలో సిగ్గేముంది?

మాలో మాకు కుదరనిదొకటి ఉంది, దాన్ని దాచడం లేదు. మహిమలు. బ్రహ్మనాయుణ్ణి విష్ణువు అంశగా నమ్మి కొలుస్తారు. కథ నిండా జోస్యాలు, వరాలు. కొందరం వాటిని తీసేసి మనుషుల కథగా చెప్పాలంటాం. కొందరం మహిమ తీసేస్తే ఆ కాలం మనిషే పోతాడు, అతని కళ్లతో ఆకాశం ఎలా కనబడిందో పోతుంది అంటాం. పిల్లలకు మహిమలంటే ఇష్టం కూడాను, అది మరిచిపోకూడదు. ఇప్పటికి రాజీ ఏమిటంటే, మహిమను పాత్ర నమ్మవచ్చు, రచయిత ప్రమాణం చేయకూడదు. ఈ రాజీ ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి.

భాష. కొడవటిగంటి కుటుంబరావు చందమామకు సంపాదకుడుగా ఉన్న కాలంలో ఒడిస్సియస్ రూపధరుడై మా ఇళ్లలోకి వచ్చాడు. గ్రీసు దేశపువాడని తెలియకుండానే అతని వెంట సముద్రాలు తిరిగాం. పేరు మార్చినందువల్ల వచ్చిన ఫలితం కాదది. ఆ వాక్యాలు చిన్నవి, ప్రతి వాక్యంలోనూ ఏదో జరిగేది, విశేషణాల ఊరేగింపు ఉండేది కాదు. మాకు ఆ వచనం గురువు. అక్కడితో ఆగం మాత్రం. చందమామ తెలుగు అందరిదీ అయిన తెలుగు, అందుకని ఏ ఊరిదీ కాలేదు. పాపన్న కథ జనగామ మాట్లాడాలి, బొబ్బిలి ముసలాయన ఉత్తరాంధ్ర మాట్లాడాలి, కోళ్ల కుర్రాడు పల్నాడు మాట్లాడాలి. మనబడి లాంటి చోట్ల తెలుగు నేర్చుకుంటున్న డల్లాస్ పిల్లకు ఇది కష్టమవుతుందని ఒక మాట వచ్చింది. అవుతుంది. విజయవాడ పిల్లకూ కొంత అవుతుంది. తెలియని మాట ఎదురైతే వాక్యమే దాని అర్థం చెప్పేలా రాయడం మా పని, కింద చిన్నక్షరాల్లో పదకోశం పెట్టి తప్పించుకోవడం కాదు. ‘ఓ మహావీరా’, ‘పరాక్రమించి’ లాంటివి నిషేధం. గుర్రాల డెక్కల చప్పుడుతో మొదలయ్యే అధ్యాయం ఎవరు తెచ్చినా టీ ఖర్చు వాళ్లదే.

ఇలాంటి పని వేరే చోట్ల జరిగింది. ఇంగ్లండులో రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ 1961లో బియోవుల్ఫ్ గాథను పిల్లలకు తిరగచెప్పింది, ఆర్థరు రాజు కథలూ రాసింది. చిన్నతనం నుంచీ కీళ్ల జబ్బుతో చక్రాల కుర్చీలో గడిపిన మనిషి. ఆమె సొంత నవలల్లో కొందరు కుర్రాళ్లకు ఒక కాలో ఒక చెయ్యో సరిగా ఉండదు. వాళ్లు కత్తి పట్టడానికి పడే అవస్థ చదువుతుంటే ఆమె తన శరీరాన్నంతా తెచ్చి ఆ పాత కాలంలో పెట్టిందని తెలుస్తుంది. మాకు ఆమె కథలు అక్కర్లేదు, ఆ తెగింపు కావాలి. రాసేవాళ్లు తమ అవస్థ ఏదో ఒకటి పట్టుకుని రావాలి.

మొదటి పుస్తకం పల్నాడు. రాతప్రతి తయారయ్యాక అచ్చుకు వెళ్లే ముందు ఎనిమిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాం, వరసగా పది పీరియడ్లు. ఎక్కడ కిటికీలోంచి బయటికి చూశారో ఆ పేజీ మళ్లీ రాస్తాం. ఆ తరవాత కారెంపూడి వెళ్లి వీర్ల గుడి దగ్గర పాడేవాళ్లకు వినిపిస్తాం. వాళ్లు తప్పన్నది తప్పు. వాళ్లకు నచ్చకపోయినా మాకు నిజమనిపించినది ఉంటే, ఏది ఎందుకు ఉంచామో పుస్తకం చివరి పేజీలో రాస్తాం.

డబ్బు లేదు. ఎవరి దగ్గరా విరాళాలు తీసుకోదలచుకోలేదు కూడా, ముఖ్యంగా వీరుడి విగ్రహం పెట్టినవాళ్ల దగ్గర. ముందుగా వెయ్యి కాపీలు, చందాల మీద.

కావలసినవాళ్ల జాబితా మాత్రం పెద్దది. పందెం కోళ్లు పెంచినవాళ్లు, పశువుల్ని తోలుకుని కరువులో ఊళ్లు దాటినవాళ్లు, తాళ్లెక్కినవాళ్లు, గుమ్మెట వాయించగలవాళ్లు. అన్నిటికన్నా ముందు ఒక మనిషి కావాలి. మొదటి అధ్యాయం రాయడానికి కూర్చున్నప్పుడు బయటపడింది, మా పదకొండు మందిలో ఒక్కరికీ బొంగరానికి తాడు సరిగా చుట్టడం రాదు. ములుకు దగ్గర మొదలుపెట్టాలని ఒకరంటారు, కాదని ఇంకొకరు. ఎలా చుట్టి విసిరినా గచ్చు మీద పక్కకు పడి దొర్లుతోంది. చేతనైనవాళ్లు ఎవరైనా, ఏ వయసువాళ్లయినా, వచ్చే ఆదివారం బొంగరం తీసుకుని రండి.